పొగాకు, నోటి ఆరోగ్యం: నెల్లూరు తీరం నేపథ్యంలో ఒక సమీక్ష

పొగాకును కాల్చినా, నమిలినా, చిగుళ్లకు రుద్దినా దాని మొదటి దెబ్బ తగిలేది నోటికే. గుండెకో ఊపిరితిత్తులకో జరిగే హాని ఏళ్ల తరబడి లోలోపల సాగి, చివరికి ఏ స్కానింగులోనో బయటపడుతుంది. నోటికి జరిగే హాని అలా కాదు. వెలుతురులో నిలబడి నోరు తెరిస్తే కనిపిస్తుంది. పళ్ల మీది గార, దిగజారిన చిగురు, బుగ్గ లోపలి తెల్లమచ్చ, మానని పుండు అన్నీ కంటికి అందేవే. నోటి జబ్బుల్లో పొగాకు పాత్ర ఎంత పెద్దదో, వాటిని ముందుగా పట్టుకునే వీలు కూడా అంత పెద్దది. ఇంత వీలున్నా నోటి క్యాన్సర్ రోగుల్లో చాలామంది జబ్బు ముదిరాకే ఆసుపత్రి గడప తొక్కుతున్నారు.

నెల్లూరు జిల్లాకు పొగాకుతో రెండు రకాల సంబంధం ఉంది. ఒకటి పంట. పడమటి మెట్టలో కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలు వర్జీనియా పొగాకు కొనుగోళ్లకు పేరున్నవి. 2022 జిల్లాల పునర్విభజనప్పుడు కందుకూరును కూడా నెల్లూరు జిల్లాలో చేర్చారు. బ్యారన్లలో క్యూరింగ్ చేసిన ఈ ఆకు ప్రధానంగా సిగరెట్ కంపెనీలకూ ఎగుమతులకూ పోతుంది. రెండోది వాడకం. రామాయపట్నం నుంచి జువ్వలదిన్నె, మైపాడు మీదుగా కృష్ణపట్నం దాకా సముద్రం ఒడ్డున మత్స్యకార పల్లెలు, వాటి వెనుక యానాది గిరిజనుల కాలనీలు, రొయ్యల చెరువులు, వరి పొలాలు ఉన్నాయి. రాత్రివేళ వేట, తెల్లవారుజామున వల లాగడం, ఎండలో నాట్లు, చెరువు గట్టు మీద కాపలా వంటి పనుల్లో నిద్రనూ ఆకలినీ అలసటనూ ఆపుకోవడానికి చుట్టో బీడీయో ఖైనీయో తోడవడం మామూలే. పొగాకు అలవాటును వ్యక్తి బలహీనతగా మాత్రమే చూస్తే ఈ పనికీ ఆ అలవాటుకూ ఉన్న ముడి కనిపించదు.

వాడకం తీరుతెన్నులు

దేశంలో పొగాకు వాడకాన్ని కొలిచిన పెద్ద సర్వే 2016-17లో జరిగిన వయోజనుల పొగాకు సర్వే, గాట్స్-2. దాని ప్రకారం దేశంలో పదిహేనేళ్లు దాటినవారిలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 20 శాతం. రాష్ట్రంలో మగవారిలో 30 శాతం, ఆడవారిలో సుమారు 10 శాతం వాడకందారులు. దేశం మొత్తం మీద కాల్చేవారి కంటే నమిలేవారు ఎక్కువ కాగా, ఆంధ్రప్రదేశ్‌లో లెక్క తిరగబడింది. ఇక్కడ కాల్చేవారు 14 శాతం పైచిలుకు, పొగరాని పొగాకు వాడేవారు 7 శాతం ప్రాంతం.

కాల్చే రూపాల్లో చుట్ట, బీడీ, సిగరెట్ ముఖ్యమైనవి. చుట్టకు వాడేది వర్జీనియా కాదు, ఎండలో ఆరబెట్టిన నాటు పొగాకు. దాని పొగ ఘాటైనది, క్షారగుణం ఎక్కువ. అందువల్ల గుండెలదాకా పీల్చకపోయినా నికోటిన్ నోటిపొరల గుండానే రక్తంలో కలుస్తుంది. పొగ మింగడం లేదు కాబట్టి ప్రమాదం లేదన్న చుట్టరాయుళ్ల నమ్మకం ఇక్కడే తప్పుతుంది. పొగ ఎక్కువసేపు నిలిచేది నోటిలోనే కనుక నోటికి హాని తగ్గదు.

పొగరాని రూపాల్లో సున్నంతో నలిపి పెదవి వెనుక దాచే ఖైనీ, కిళ్లీలో వేసే జర్దా, గుట్కా, పళ్లపొడిగా రుద్దే పొగాకు, ఆకు కాడ నమలడం ఉన్నాయి. వీటిలో సున్నం పని ఒకటి గమనించాలి. సున్నం నోటిలోని క్షారగుణాన్ని పెంచి నికోటిన్‌ను త్వరగా విడుదల చేస్తుంది, పైగా సున్నితమైన పొరను ఒరుస్తుంది. వక్క సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలిపిన తాంబూలాన్నే కాక, పొగాకు లేని తాంబూలాన్నీ, వక్కనూ కూడా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. పొగాకు మానేసి వక్కపొడికి మారినవారు ప్రమాదం నుంచి పూర్తిగా బయటపడినట్టు కాదు.

నోటిలో జరిగే మార్పు

పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి. వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కలిగించేవి. నమిలే పొగాకులో కాలడం వల్ల పుట్టే తారు ఉండదు గానీ, ఆకును ఆరబెట్టి నిల్వ చేసేటప్పుడు నికోటిన్ నుంచీ దాని జాతి రసాయనాల నుంచీ పుట్టే నైట్రోసమైన్లు మెండుగా ఉంటాయి. ఇవి నోటిపొర కణాల్లోని జన్యుపదార్థానికి అతుక్కుని దాన్ని దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న చోట శరీరం కొంత మరమ్మతు చేసుకుంటుంది. అదే చోట అదే రసాయనం రోజూ తగులుతుంటే మరమ్మతు వెనకబడి, కణాలు అదుపు తప్పి పెరగడం మొదలవుతుంది.

నికోటిన్ ఒంటరిగా క్యాన్సర్ తెచ్చేదిగా ముద్రపడలేదు. అది చేసే అపకారం వేరు. చిగుళ్లలోని సన్నని రక్తనాళాలను కుదిస్తుంది, అలవాటును బిగిస్తుంది. మిగతా విషాలు రోజుకు పదిసార్లు నోటిలోకి వచ్చేది దాని వల్లనే. మద్యం తోడైతే ప్రమాదం కూడికలా కాక హెచ్చవేతలా పెరుగుతుంది. పొగాకు ఒక్కటే వాడేవారి కంటే, మద్యం ఒక్కటే తాగేవారి కంటే, రెండూ ఉన్నవారిలో నోటి, గొంతు క్యాన్సర్లు చాలా ఎక్కువ.

పళ్లు, చిగుళ్లు

బయటికి కనిపించే మొదటి గుర్తు రంగు. తారు, నికోటిన్ పంటి ఎనామెల్ గరుకులో చేరి పసుపు నుంచి ముదురు గోధుమ రంగు దాకా గారగా కడతాయి. నోటి దుర్వాసన, రుచి తగ్గడం, నాలుక మీద నల్లని నూగు, చిగుళ్ల మీద నల్లమచ్చలు దీని వెంటే వస్తాయి. ఇవి ప్రాణం తీసేవి కావు. మామూలుగా పంటి డాక్టరు దగ్గరికి తీసుకొచ్చేవి మాత్రం ఇవే.

అంతకంటే బరువైనది చిగుళ్ల జబ్బు. పంటిని దవడ ఎముకతో కలిపి పట్టే కణజాలం కరిగిపోయి, చిగురుకూ పంటికీ మధ్య లోతైన సందులు ఏర్పడి, చివరికి పన్ను కదులుతుంది. పొగతాగేవారిలో ఈ జబ్బు వచ్చే అవకాశం తాగనివారి కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువని వేర్వేరు అధ్యయనాలు తేల్చాయి. రోగనిరోధక కణాల పనితీరు మందగించడం, చిగుళ్లకు రక్తప్రసారం తగ్గడం, మానే గుణం దెబ్బతినడం ఇందుకు కారణాలు. ఇందులో ఒక మోసం ఉంది. చిగుళ్ల జబ్బు వచ్చినవారికి పళ్లు తోముకునేటప్పుడు రక్తం కారడం సాధారణంగా తొలి హెచ్చరిక. పొగతాగేవారిలో రక్తనాళాలు కుదించుకుపోయి ఉంటాయి గనుక రక్తం పెద్దగా రాదు. చిగుళ్లు గట్టిగా, బాగున్నట్టే కనిపిస్తాయి. లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది. మధుమేహం ఉన్నవారు పొగ కూడా తాగితే నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది.

నమిలే పొగాకు దెబ్బ మరోరకం. ఆకు దాచుకున్న చోటే చిగురు దిగజారి పంటి వేరు బయటపడుతుంది, ఆ వేరు మీద పుచ్చు పడుతుంది. పొడి రుద్దేవారిలో పళ్లు అరిగిపోయి జివ్వుమంటాయి. పంటినొప్పికి పొగాకు మందని నమ్మి చిటికెడు పెట్టుకునేవారికి తాత్కాలిక తిమ్మిరి తప్ప మేలేమీ ఉండదు. నొప్పి తెలియని కొద్దీ పుచ్చు లోతుకు పోతుంది.

చికిత్స ఫలితమూ తగ్గుతుంది. పన్ను తీయించుకున్నవారు పొగ మానకపోతే గుంటలో రక్తపు గడ్డ నిలవక, ఎముక బయటపడి, భరించలేని నొప్పి రావచ్చు. చిగుళ్ల శస్త్రచికిత్స ఫలితాలు మందగిస్తాయి, ఇంప్లాంట్లు విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. గర్భిణి పొగతాగితే బిడ్డకు గ్రహణం మొర్రి ముప్పు కొంత పెరుగుతుందని కూడా తేలింది.

క్యాన్సర్‌కు ముందరి మెట్లు

నోటి క్యాన్సర్ చాలామందిలో హఠాత్తుగా రాదు. ముందు పొర మారుతుంది. గోకినా పోని తెల్లమచ్చను వైద్యులు ల్యూకోప్లేకియా అంటారు. అన్ని తెల్లమచ్చలూ క్యాన్సర్ కావు. వాటిలో కొద్ది శాతమే అటు తిరుగుతాయి. ఏది తిరుగుతుందో పైకి చూసి చెప్పలేం గనుక ముక్క తీసి పరీక్షించడం తప్పనిసరి. మఖ్మల్ లాంటి నునుపుతో కనిపించే ఎర్రమచ్చ, ఎరిత్రోప్లేకియా, అరుదైనదే కానీ చాలా ప్రమాదకరమైనది. ముక్క తీసి చూసినప్పుడు వీటిలో ఎక్కువ భాగం అప్పటికే తీవ్రమైన మార్పులకో క్యాన్సర్‌కో గురై ఉంటాయి. నొప్పి ఉండకపోవడం వల్ల రోగి పట్టించుకోడు.

మూడోది ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. దీనికి ప్రధాన కారణం వక్క. గుట్కా, పాన్ మసాలా పొట్లాలు వచ్చాక ఇది కుర్రకారులోనూ కనిపిస్తోంది. మొదట కారం తగిలితే నోరు మండిపోతుంది. తరువాత బుగ్గ లోపలి పొర పాలిపోయి, నారలు కట్టి, పలకలా గట్టిపడుతుంది. క్రమంగా నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. సాధారణంగా పెద్దవారు తమ మూడు వేళ్లను నిలువుగా పళ్ల మధ్య పెట్టుకోగలరు. రెండు వేళ్లు, ఆపైన ఒక వేలు కూడా పట్టని స్థితి వస్తే ముద్ద నోట్లో పెట్టుకోవడమే కష్టం. ఒకసారి బిగిసిన పొర పూర్తిగా మునుపటిలా కాదు. అలవాటు మానితే మరింత ముదరకుండా ఆపే అవకాశం ఉంటుంది.

అడ్డపొగ: ఆంధ్ర తీరం చూపిన సాక్ష్యం

పొగాకు ఎక్కడ తగిలితే హాని అక్కడే వస్తుందని ప్రపంచానికి స్పష్టంగా చూపిన అలవాటు ఆంధ్ర తీరానిదే. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటిలో పెట్టుకుని పెదవులు మూసి పీల్చడమే అడ్డపొగ. గాలి బయటి కొస గుండా లోపలికి వచ్చి నిప్పును ఆరనివ్వదు. బూడిదను మధ్యమధ్య ఉమ్మేస్తారు. ఇలా ఒక చుట్ట చాలాసేపు వస్తుంది. ఉత్తరాంధ్రలో శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఇది ముఖ్యంగా ఆడవారిలో పాతుకుపోయింది. గాలివానలోనూ నిప్పు ఆరదు, చేతులు పనిలో ఉన్నా చుట్ట జారదు, పెద్దల ముందు పొగ కనబడదు అని చెప్పే కారణాలు అందరూ ఎరిగినవే.

1937లో కిని, సుబ్బారావు అనే వైద్యులు విశాఖ ప్రాంతపు క్యాన్సర్ల మీద రాస్తూ అంగిలి క్యాన్సర్లను గుర్తించారు. 1945లో టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన వి.ఆర్.ఖనోల్కర్, సూర్యాబాయి దేశంలోని అలవాట్ల వల్ల వచ్చే మూడు కొత్త రకాల క్యాన్సర్లను వివరించారు. వాటిలో ఒకటి ఆంధ్ర తీరపు చుట్ట వల్ల అంగిలికి వచ్చేది, మరొకటి ఖైనీ వల్ల కింది పెదవి గాడిలో వచ్చేది. 1971లో ప్రచురితమైన అధ్యయనంలో డెన్మార్క్ నోటివ్యాధి నిపుణుడు జె.జె.పిండ్‌బోర్గ్, బొంబాయి పరిశోధకుడు ఫాలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మందిని పరీక్షించింది. వారిలో దాదాపు 44 శాతం మందికి అడ్డపొగ అలవాటు ఉంది.

అడ్డపొగ తాగేవారి అంగిలి దగ్గరగా చూస్తే చదవడానికి చాలా ఉంటుంది. మొదట పొర దళసరిగా, తెల్లగా మారుతుంది. అంగిలి మీది లాలాజల గ్రంథుల నోళ్లు చిన్న చిన్న బుడిపెలుగా పైకి లేచి, ఒక్కోదాని నడుమ ఎర్రని చుక్క కనిపిస్తుంది. కొన్నిచోట్ల నల్లబడుతుంది, కొన్నిచోట్ల రంగు పోయి పాలిపోతుంది. ఇంకా ముదిరితే ఎర్రని మచ్చలు, పుండ్లు, బండబారిన ముద్దలు కనిపిస్తాయి. గట్టి అంగిలి ఆహారపు రాపిడినీ వేడినీ తట్టుకునే పొరతో ఉంటుంది. మామూలుగా అక్కడ క్యాన్సర్ అంత సామాన్యం కాదు. ఆ పొర కూడా ఓడిపోవడానికి రెండు కారణాలు కలిశాయి. పొగలోని విషాలు నేరుగా తగలడం ఒకటైతే, నిప్పు వేడి రెండోది. ఆ వేడి 120 సెల్సియస్ డిగ్రీల దాకా ఉండగలదని పరిశోధనా సాహిత్యంలో నమోదైంది.

నెల్లూరు తీరంలో ఈ అలవాటు ఉత్తరాంధ్రలో ఉన్నంత పరిశోధనకు నోచుకోలేదు. ఆ పరిశోధనలు చెప్పే సూత్రం మాత్రం ఇక్కడికీ వర్తిస్తుంది. అంగిలి చూడాలో, బుగ్గ చూడాలో, పెదవి గాడి చూడాలో, నాలుక పక్క చూడాలో పరీక్షించేవారికి చెప్పేది అలవాటే. దవడ పక్కన నమిలేవారికి బుగ్గలోపల, పెదవి వెనుక దాచేవారికి అక్కడి చిగురు మడతలో, మద్యంతో కలిపి సిగరెట్ తాగేవారికి నాలుక పక్కనా నాలుక కిందా వెతకాలి.

నోటి క్యాన్సర్

2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా సుమారు 1.4 లక్షల మందికి పెదవి, నోటి క్యాన్సర్ కొత్తగా వస్తోంది. దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. భారతదేశంలో మగవారికి వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటి స్థానంలో ఉంది. సంపన్న దేశాల్లో దీని స్థానం ఇంత పైన లేదు. తేడాకు ప్రధాన కారణం పొగాకూ వక్కా.

చిన్న పుండుగా ఉన్నప్పుడు శస్త్రచికిత్సతో ఎక్కువ మంది కోలుకుంటారు. మెడ గ్రంథుల్లోకి పాకాక బతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. చికిత్స భారమూ మారిపోతుంది. దవడ సగం తీయడం, మెడ గ్రంథులు తొలగించడం, రేడియేషన్, దాని తరువాత నోరు ఎండిపోవడం, మింగడం కష్టం కావడం, మాట స్పష్టత పోవడం. రోజు కూలి మీద నడిచే కుటుంబానికి ఇది ఆరోగ్య సమస్యతో పాటు బతుకుతెరువు సమస్య కూడా. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, క్యాన్సర్ చికిత్స ఖర్చును చాలావరకు భరిస్తున్నా, పోయిన పనిదినాలనూ పోయిన ముఖాన్నీ అది తిరిగి తేలేదు.

మానితే ఏమవుతుంది

నోరు త్వరగా కోలుకునే అవయవం. పొగాకు మానిన కొద్ది వారాల్లోనే చిగుళ్లకు రక్తప్రసారం మెరుగుపడుతుంది, రుచి తిరిగి వస్తుంది. ఆ సమయంలో చిగుళ్ల నుంచి కాస్త రక్తం వస్తే భయపడనక్కర్లేదు. కప్పివున్న జబ్బు బయటపడిందన్నమాట, పళ్ల డాక్టరుకు చూపించి శుభ్రం చేయించుకోవాలి. కొన్ని తెల్లమచ్చలు, అంగిలి మార్పులు అలవాటు మానగానే తగ్గిపోతాయి. నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు ఐదు నుంచి పదేళ్లలో సగానికి పడిపోతుంది.

మానమని ఊరివారికి వారి మాటల్లో చెబితే ఫలితం ఉంటుందని శ్రీకాకుళంలోనూ తేలింది. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందారులను ఎంచుకుని, పరీక్షలతో పాటు సలహా, ప్రచారం అందించిన అధ్యయనం ఫలితాలు 1986లో ‘లాన్సెట్’లో వచ్చాయి. సలహా అందినవారిలో అలవాటు మానినవారూ తగ్గించినవారూ ఎక్కువయ్యారు. ల్యూకోప్లేకియా కొత్తగా రావడం తగ్గింది.

మానడానికి సంకల్పంతో పాటు సాయమూ కావాలి. మానిన తొలి వారాల్లో చిరాకు, నిద్రలేమి, తీవ్రమైన కోరిక సహజం. నికోటిన్ చూయింగ్‌గమ్ములు, పట్టీలు, డాక్టరు రాసే మందులు ఈ దశను దాటిస్తాయి. 1800-11-2356 జాతీయ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే సలహాదారులు మాట్లాడతారు. ఈ-సిగరెట్లు దారి కావు, వాటిని దేశంలో 2019లోనే నిషేధించారు.

పరీక్ష, చట్టం, పంట

నోటి పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదని కేరళలో తేలింది. తిరువనంతపురం జిల్లాలో జరిగిన పెద్ద అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు టార్చి వెలుతురులో నోరు చూసి అనుమానితులను ఆసుపత్రికి పంపారు. 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో 30 ఏళ్లు దాటినవారికి నోటి పరీక్ష ఇప్పటికే భాగం. గ్రామ ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, షుగరు చూసినప్పుడు ఒక నిమిషం నోరు కూడా చూడడమే జరగాల్సింది.

నెల్లూరు తీరానికి ఇందుకు అనువైన కాలం ఒకటి ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, మగవారు ఊళ్లోనే ఉంటారు. జువ్వలదిన్నె, కృష్ణపట్నం వంటి రేవుల దగ్గర శిబిరాలు పెట్టడానికి ఇంతకు మించిన సమయం దొరకదు. ఆసుపత్రి మెట్లెక్కడానికి జంకే యానాది కుటుంబాలకు కాలనీలోనే, చీకటి పడకముందే పరీక్ష చేయడం మేలు.

ఇంట్లోనూ ఎవరికి వారు చూసుకోవచ్చు. కట్టుడు పళ్లు తీసి, నోరు పుక్కిలించి, పెదవులు తిప్పి లోపలివైపు చూడాలి. వేలితో బుగ్గను లాగి రెండు వైపులా చూడాలి. నాలుకను గుడ్డతో పట్టి పక్కలను, పైకి ఎత్తి కిందిభాగాన్ని చూడాలి. తల వెనక్కి వంచి అంగిలి చూడాలి. మెడ తడిమి గట్టి గడ్డలు ఉన్నాయేమో గమనించాలి. రెండు వారాల్లో మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, నోరు తెరుచుకోకపోవడం, మింగేటప్పుడు నొప్పి, ఇందులో ఏది ఉన్నా వెంటనే డాక్టరుకు చూపాలి.

చట్టం వైపున 2003 నాటి సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి అమ్మకం నిషేధం. విద్యాసంస్థల చుట్టూ వంద గజాల్లో అమ్మకూడదు. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగతాగడంపై నిబంధనలు కట్టుదిట్టమయ్యాయి. 2016 నుంచి పొట్లాల మీద 85 శాతం భాగంలో బొమ్మ హెచ్చరిక తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో 2013 నుంచి గుట్కా నిషేధంలో ఉన్నా, దొంగచాటు అమ్మకాలు పూర్తిగా పోలేదు. విడిగా అమ్మే చుట్టకు బొమ్మ లేదు, హెచ్చరిక లేదు. తీరపు పల్లెల్లో హెచ్చరికలు నోటిమాటగా చేరవలసిందే.

పంట సంగతి విడిచిపెడితే ఈ సమీక్ష పూర్తికాదు. కలిగిరి, కందుకూరు మెట్టలో పొగాకు సాగును ఎంచుకోవడానికి కారణాలు నీరు తక్కువ కావడం, వేలం ద్వారా నికరంగా డబ్బు చేతికి రావడం. రైతు మీద నింద మోపితే నోటి క్యాన్సర్ తగ్గదు. 2003లో ఆమోదం పొందిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందంలో 17వ అధికరణం రైతులకు, కార్మికులకు ప్రత్యామ్నాయాలు చూపాలని కోరుతుంది. భారతదేశం ఆ ఒప్పందంపై 2004లోనే అంగీకార ముద్ర వేసింది. కందుకూరు ప్రాంతంలో ఈ నేలలకు తగిన ఇతర పంటలకు గిట్టుబాటు, కొనుగోలు హామీ వచ్చేదాకా ఆ అధికరణం కాగితం మీదే ఉంటుంది. వాడకం తగ్గించడం, నోటిని సమయానికి చూడడం, పండించేవారికి దారి చూపడం, ఈ మూడూ కలిసి సాగినప్పుడే తీరం వెంట నోటి క్యాన్సర్ మరణాలు తగ్గుతాయి.